విద్యార్థులు కనుగొన్న కాలుష్యాన్ని నిపుణుల నిర్ధారణకు ముందే బయటపెట్టవచ్చా?

పరిశీలకుడు (చర్చాంశం)

తమ చుట్టుపక్కల ఉన్న చెరువు నీటినో, కాలువనో, గాలినో పరీక్షించిన విద్యార్థులు ఆ ఫలితాలను ఏ ప్రయోగశాలా ధ్రువీకరించకముందే ప్రజల ముందు పెట్టడం సబబేనా అన్నది ఈ చర్చ. పెట్టాలనే నా అభిప్రాయం. అయితే చూసినదాన్ని, కొలిచినదాన్ని మాత్రమే చెప్పాలి. కారణం ఏమిటో, కారకులు ఎవరో ఆధారం దొరికేదాకా చెప్పకూడదు.

1995 ఆగస్టులో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, హెండర్సన్ పట్టణం దగ్గర ఒక మడుగు వద్దకు వెళ్లిన బడిపిల్లలు పట్టుకున్న కప్పల్లో దాదాపు సగానికి కాళ్లు లేకపోవడమో, వంకర తిరిగి ఉండడమో గమనించారు. ఆ సంగతి రాష్ట్ర కాలుష్య నియంత్రణ సంస్థకు చేరింది. తర్వాత ఇతర రాష్ట్రాల్లోనూ ఇటువంటి కప్పలు కనిపించాయి. పురుగుమందుల మీద, అతినీలలోహిత కిరణాల మీద అనుమానాలు బలంగా వినిపించాయి. 1999లో సైన్స్ పత్రికలో వెలువడిన పరిశోధన మాత్రం రైబీరోయియా అనే పరాన్నజీవి తోకకప్పల శరీరంలోకి చేరినప్పుడు ఇలాంటి వైకల్యాలే కలుగుతాయని ప్రయోగం ద్వారా చూపింది. పొలాల నుంచి కొట్టుకొచ్చే పోషకాలు నాచును పెంచుతాయని, నాచును తినే నత్తలు, వాటిలో పెరిగే ఈ పరాన్నజీవి కూడా దానితో పాటు పెరుగుతాయని 2007లో మరో పరిశోధన తేల్చింది. అంటే పిల్లలు చూసింది అక్షరాలా నిజం, కారణం తేలడానికి మాత్రం ఏళ్లు పట్టింది. ఆ కారణం తేలేదాకా నోరు మెదపవద్దని వారిని ఎవరైనా ఆపి ఉంటే ఈ పరిశోధనలు ఎంత ఆలస్యమయ్యేవో ఆలోచించండి.

ప్రయోగశాల ఉద్యోగి

పరిశీలకుడు గారూ, కాళ్లు లేని కప్పను ఎవరైనా గుర్తుపట్టగలరు. నీటిలో కరిగి ఉన్నదాన్ని అలా చూడలేం కదా. నా అభ్యంతరం కారకుల పేరు చెప్పడం దగ్గర కాదు, అంతకుముందే, కొలత దగ్గరే మొదలవుతుంది.

విద్యార్థుల చేతిలో ఎక్కువగా కనిపించేది టీడీఎస్ మీటరు. అది నీటి విద్యుత్ వాహకతను కొలిచి, దాని ఆధారంగా కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. అందులో సీసం ఉందో లేదో, ఆర్సెనిక్ ఉందో లేదో, బ్యాక్టీరియా ఉందో లేదో అది చెప్పలేదు. తక్కువ అంకె చూపిన నీటిలోనూ ప్రమాదకరమైన మోతాదులో సీసం ఉండవచ్చు, ఎక్కువ అంకె చూపిన నీరు కేవలం ఉప్పగా ఉండి ఊరుకోవచ్చు. గాలిలోని సూక్ష్మధూళిని కొలిచే చవక సెన్సర్లదీ ఇలాంటి కథే. అవి లేజర్ కాంతి చెదరడాన్ని బట్టి లెక్క కడతాయి కాబట్టి, తేమ ఎక్కువగా ఉన్న ఉదయాల్లో నీటిని పీల్చి ఉబ్బిన కణాలను చూసి అసలు కంటే ఎక్కువ అంకె చూపిస్తాయి.

నమూనా సేకరణ కూడా చిన్న పని కాదు. రసాయన పరీక్షకు సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు తొలవాలి. బ్యాక్టీరియా పరీక్షకు అయితే శుద్ధిచేసి ఇచ్చిన సీసాను అసలు తొలవకూడదు. మూత లోపలి వైపు వేలు తగలకూడదు, సీసా మూతిని ప్రవాహానికి ఎదురుగా పెట్టి నింపాలి, ఐసు పెట్టెలో ఉంచి కొద్ది గంటల్లోనే పరీక్షకు చేర్చాలి. వీటిలో ఏది తప్పినా వచ్చే అంకె చెరువుది కాదు, ఆ సీసాది.

ఇంకొక మాట. నైట్రేటు ఎక్కువగా ఉందని తేలిన బావి నీటిని మరిగించి తాగమని ఎవరైనా విద్యార్థి మంచి ఉద్దేశంతోనే చెప్పాడనుకోండి. మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది కానీ నైట్రేటు పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని సాంద్రత ఇంకా పెరుగుతుంది. ఆ నీటితో పాలపొడి కలిపి పట్టే పసిబిడ్డ రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి తగ్గిపోతుంది. తొందరపాటు వల్ల వచ్చే నష్టం ఇంత దూరం వెళ్తుంది.

జలధార

మీరు చెప్పిన జాగ్రత్తలన్నీ నేర్పదగినవే, వాటిని నేర్పించండి. ఆగమని మాత్రం చెప్పకండి. ఆగినన్నాళ్లూ జనం ఆ నీరే తాగుతుంటారు.

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఉన్న ఫ్లింట్ నగరాన్ని తీసుకోండి. 2014 ఏప్రిల్‌లో అక్కడ తాగునీటి వనరును మార్చారు. నీటి రంగు గురించి, వాసన గురించి ప్రజలు మొత్తుకుంటున్నా, నీరు సురక్షితమేనని అధికారులు చెబుతూ వచ్చారు. 2015లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ బృందం 300 నమూనా కిట్లు పంపితే, నగరవాసులే తమ కుళాయిల నుంచి నీరు పట్టి తిరిగి పంపించారు. ఆ బృందంలో విద్యార్థులూ పనిచేశారు. సీసం ఎక్కువగా ఉందని ఆ ఫలితాలను బహిరంగంగా ప్రకటించినప్పుడు రాష్ట్ర అధికారులు మొదట వాటిని తోసిపుచ్చారు, కానీ అదే ఏడాది అక్టోబరులో పాత వనరుకు మారక తప్పలేదు. అధికారిక నిర్ధారణ కోసమే ఎదురుచూసి ఉంటే, తప్పు చేసినవారే ఆ తప్పును ఒప్పుకునేదాకా ఆగినట్టు కాదా?

ప్రయోగశాల ఉద్యోగి

జలధార గారూ, ఆ నమూనాలను విశ్వవిద్యాలయ ప్రయోగశాలే విశ్లేషించింది. నేను అడుగుతున్నదీ అదే. ప్రభుత్వ ముద్ర కావాలని నేనెక్కడా అనలేదు.

విజ్ఞాన ఉపాధ్యాయిని

ఫలితం గురించే అందరూ మాట్లాడుతున్నారు, నాకు ముందు పిల్లలే గుర్తుకొస్తారు. పరిశ్రమ వ్యర్థాలు పారే కాలువలోకి చేతొడుగులు లేకుండా ఏ విద్యార్థీ దిగకూడదు, పెద్దలు తోడు లేకుండా వెళ్లకూడదు. నివేదిక మీద బడి పేరో, బృందం పేరో ఉండాలి కానీ పిల్లల పేర్లు ఉండకూడదు, ఎందుకంటే కోపం వచ్చినవారు ముందు వెళ్లేది వాళ్ల తల్లిదండ్రుల దగ్గరికే. ఈ రెండూ కుదరని చోట పరిశీలనే వద్దంటాను, ప్రచురణ సంగతి తర్వాత.

పరిశీలకుడు

ఉపాధ్యాయిని గారి షరతులకు నాకు పూర్తి సమ్మతి. ప్రయోగశాల ఉద్యోగి గారు చెప్పిన నైట్రేటు సంగతి విన్నాక, కారకులను పేర్కొనకపోవడంతో పాటు చికిత్సను సూచించకపోవడాన్ని కూడా నా షరతులో చేరుస్తున్నాను. కానీ ప్రయోగశాల నివేదిక వచ్చేదాకా అంకెనే దాచాలంటే ఒప్పుకోలేను, ఎందుకంటే పరీక్ష రుసుము కట్టలేని పిల్లలు అప్పుడు ఎప్పటికీ మాట్లాడలేరు. ప్రతి అంకె పక్కన ఏ పరికరంతో, ఏ చోట, ఏ సమయంలో, ఎన్నిసార్లు కొలిచారో, ఆ పరికరం ఏమి చెప్పలేదో కూడా రాస్తే, చదివేవారు దాన్ని ఎంతవరకు నమ్మాలో తామే నిర్ణయించుకుంటారు.

ప్రయోగశాల ఉద్యోగి

నిర్ణయించుకోరు. కాలువ పక్కన ఫ్యాక్టరీ ఉంటే, మీరు ఎవరి పేరూ రాయకపోయినా జనం వేలు అటే చూపుతుంది. ఆ నైట్రేటు పొలాల ఎరువు నుంచి వచ్చిందో, మరుగుదొడ్ల గుంతల నుంచి వచ్చిందో ఆ తర్వాత ఎవరూ అడగరు.

జలధార

అందుకే ఒక్కచోట తీసిన నమూనాను ప్రచురించవద్దని పిల్లలకు చెప్పాలి. ఫ్యాక్టరీకి ఎగువన ఒకటి, దిగువన ఒకటి, పొలాల నీరు కలిసే చోట ఇంకొకటి అదే రోజు తీసి, మూడు అంకెలనూ పక్కపక్కనే పెట్టాలి. ఎగువనే నైట్రేటు ఎక్కువగా ఉంటే జనం వేలు దానంతట అదే దిగుతుంది. దిగువన మాత్రమే పెరిగితే, మీ ప్రయోగశాలకు మొదట పంపాల్సిన సీసా ఏదో తెలుస్తుంది.

ప్రయోగశాల ఉద్యోగి

ఆ మూడింటితో పాటు శుద్ధజలం నింపిన ఒక సీసాను కూడా అదే పెట్టెలో తీసుకెళ్లి, అదే విధంగా పరీక్షించి, ఆ అంకెనూ ప్రచురిస్తే నా అభ్యంతరాన్ని వెనక్కి తీసుకుంటాను. శుద్ధజలంలోనూ నైట్రేటు కనిపించిన రోజున మిగిలిన మూడూ ప్రచురించకూడదు.