అప్‌డేట్: ఏరియర్స్ 18 వేలు ఏం చేశానంటే

పోయిన నెల ఏరియర్స్ 18 వేలు వచ్చాయి, ఏం కొనమంటారని అడిగాను కదా, సగం మంది బంగారం అన్నారు. కొనలేదు.

మిర్యాలగూడలో మిల్లు దగ్గరే పాత సోనామసూరి 25 కిలోల బస్తాలు నాలుగు తెచ్చాం, అత్తమ్మ నాలుగు గింజలు కొరికి చూసి గానీ డబ్బులు కట్టనివ్వలేదు. బండికి వెనక టైరు, కుక్కర్‌కి గాస్కెట్ (ఆర్నెల్లుగా పాతదాన్నే ఫ్రిజ్‌లో పెట్టి లాగిస్తున్నా, నవ్వకండి). క్యాండిల్ ఫిల్టర్ వద్దన్నవాళ్లకి థాంక్స్, మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ దానికి ఆగదు, కాచినా పోదు, అందుకే ఎక్కువ డబ్బు ఆర్‌ఓ వాటర్ ఫిల్టర్‌కే పోయింది. అది వదిలే వేస్ట్ నీళ్లు బకెట్‌లో పట్టి బాత్రూం కడుగుతున్నా.

మిగిలిన ఆరొందలతో పాపకి స్కూల్ చెప్పులు తెచ్చా. సైజు పెద్దదైంది, రేపు మార్చాలి.