కథ చదివి తనకి తోచింది రాసిన పిల్లకి ఐదుకి రెండు మార్కులా?

వంశధార:
మా మేనకోడలు తొమ్మిదో తరగతి. ఎఫ్‌ఏ (బడిలో పెట్టే నిర్మాణాత్మక మూల్యాంకనం) కోసం ఏదైనా కథ చదివి ప్రతిస్పందన రాసుకురమ్మన్నారు. గురజాడ ‘దిద్దుబాటు’ చదివింది. చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు: గోపాలరావు రాత్రుళ్ళు సానివాళ్ళ పాట కచేరీలకి తిరుగుతుంటాడు. ఓ రాత్రి ఇంటికొస్తే భార్య కమలిని ఉత్తరం రాసిపెట్టి పుట్టింటికి వెళ్ళిపోయిందని తెలుస్తుంది, ఆయనకి బుద్ధొస్తుంది, చివరికి చూస్తే ఆవిడ మంచం కిందే ఉంటుంది. మధ్యలో ఆ కోపమంతా నౌకరు రాముడి మీద చూపించి వాడి వీపు మీద గుద్దుతాడు. తర్వాత జాలిపడి వీపు నిమురుతాడు కూడా.

మా పిల్ల అరపేజీ మొత్తం ఆ దెబ్బ గురించే రాసింది. “మా నాన్నని కూడా కారు మీద గీత పడిందని వాళ్ళ ఓనరు కొట్టినారు. తర్వాత టీ ఇప్పించినారు. మా నాన్న ఆయన మంచోడే అన్నాడు” అని ఉంది అందులో. మా తమ్ముడు డ్రైవరు. ఈ సంగతి ఆ కాగితం చూసేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఎర్ర ఇంకుతో 2/5. కింద “ఇతివృత్తం రాయలేదు. స్త్రీ విద్య, సంఘ సంస్కరణ ఏవి?” అని. ‘కొట్టినారు’ కింద గీత. ఇది న్యాయమా చెప్పండి.

తెలుగు_మాస్టారు:
అమ్మా, 24 ఏళ్ళుగా తెలుగు చెప్తున్నాను కాబట్టి సూటిగా చెప్తాను. ఆ ఉపాధ్యాయుడు తప్పేం చేయలేదు. కథ మీద ప్రతిస్పందన అంటే కథ ఉండాలి. కమలిని ఉత్తరం ఆ కథకి ప్రాణం. ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల రాతతో మొగుడి కళ్ళు తెరిపించింది. దాని గురించి ఒక్క ముక్క కూడా రాయకుండా వాళ్ళ నాన్న, కారు, టీ రాస్తే అది కథ చదివినట్టా? ఇంకోటి, రాముడికి నాటకం ముందే తెలుసు. అమ్మగారితో కలిసే ఆడాడు. ఆ పిల్లకి ఇది అర్థమైందా?

పేజీ_తిప్పు:
‘కొట్టినారు’ కింద గీతా? వాడుక భాష కోసం 1914లో విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాసిన గురజాడ కథకి?

డాలస్_నాన్న:
ఇక్కడ అమెరికాలో మా అబ్బాయి స్కూల్లో ఈ ఇతివృత్తం గొడవ లేదు. ఏ పుస్తకం చదివినా ‘నీకేం అనిపించింది, ఎక్కడ అనిపించింది, ఏ వాక్యం వల్ల’ అనే అడుగుతారు. లూయీజ్ రోజెన్‌బ్లాట్ అనే అమెరికన్ సాహిత్య పండితురాలు 1938లోనే చెప్పింది, కథ కాగితం మీద సగమే ఉంటుంది, మిగతా సగం చదివేవాడు తెచ్చుకుంటాడని. మనం ఇంకా ‘కవి పరిచయం, సారాంశం, నీతి’ దగ్గరే ఉన్నాం. నా పదో తరగతిలో నాన్-డిటైల్డ్ రామాయణంలో వాలి వధ నాకు నచ్చలేదని రాస్తే క్లాసు అయ్యేదాకా నన్ను నిలబెట్టారు, ఆ రోజు ఎండ, బెంచీ, అన్నీ ఇప్పటికీ గుర్తే.

తెలుగు_మాస్టారు:
డాలస్ గారూ, మీ క్లాసుకి ఎంతమంది? నాకు రెండు సెక్షన్లు కలిపి 86 మంది. ‘నీకేం అనిపించింది’ అంటే 80 మంది ‘ఈ కథ నాకు చాలా నచ్చింది, ఇందులో నీతి నాకు నచ్చింది’ అని గైడులోంచి దించుతారు. ఇతివృత్తం అడిగితే కనీసం కథ చదువుతారు.

గోదారి_గట్టు:
దిద్దుబాటుని తెలుగులో మొదటి కథ అంటారు గానీ, అసలు అది మొదటిదే కాదు. అది 1910. భండారు అచ్చమాంబ గారి ‘ధనత్రయోదశి’ 1902లోనే వచ్చింది.

పేజీ_తిప్పు:
ఆ చర్చకి వేరే థ్రెడ్ ఉంది అన్నా.

రిటైర్డ్_లెక్చరర్:
నేను ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. రోజెన్‌బ్లాట్ పేరు తెచ్చారు కాబట్టి రెండోవైపు కూడా వినండి. కేంబ్రిడ్జిలో ఐ.ఏ. రిచర్డ్స్ అనే విమర్శకుడు కవుల పేర్లు తీసేసి విద్యార్థులకి పద్యాలు ఇచ్చి, తోచింది రాయమన్నాడు. వాళ్ళు రాసినవాటి మీద 1929లో పుస్తకం వేశాడు. మంచి చదువరులు అనుకున్నవాళ్ళే పద్యాన్ని వదిలేసి తమ జ్ఞాపకాల వెంట పడిపోయారు. పద్యంలో లేనిది ఉందన్నారు, ఉన్నది చూడలేదు. జ్ఞాపకం రావడం తప్పు కాదు, కానీ అది మనల్ని తిరిగి కథలోకి తీసుకెళ్ళాలి. ఈ అమ్మాయిని తీసుకెళ్ళిందా లేదా అన్నదే ప్రశ్న.

వంశధార:
తీసుకెళ్ళింది సార్. కొట్టిన వెంటనే కథ చెప్పేవాడు గోపాలరావుని దయగలవాడు అంటాడు కదా, దాన్ని పట్టుకుంది. ‘కొట్టిన తర్వాత దయగలవాడు అని ఎందుకు రాశారు, ముందే రాయొచ్చు కదా’ అని రాసింది. 14 ఏళ్ళ పిల్లకి అది తోచిందంటే నాకు ఒళ్ళు జలదరించింది. నేను డిగ్రీలో చదివాను ఈ కథ, నాకు తోచలేదు. మాకు నోట్సులో రాముడు లేడు.

ఇంక రాముడికి నాటకం తెలుసు అంటారా మాస్టారూ, తెలిసీ దెబ్బ తిన్నాడు, నోరు విప్పలేదు. అది ఇంకా ఘోరం కాదా?

తెలుగు_మాస్టారు:
1910 నాటి కథని ఈనాటి కళ్ళతో కోర్టులో నిలబెట్టడం ఇప్పుడో ఫ్యాషన్ అయిపోయింది. గోపాలరావు సిగ్గుపడ్డాడు, వీపు నిమిరాడు. అది కూడా దిద్దుబాటే. అది మీ పిల్ల ఎందుకు రాయలేదు?

వంశధార:
రాసింది! టీ అంటే ఏంటనుకున్నారు మీరు? అదే వీపు నిమరడం. కళ్ళెదుట ఉన్నా మీకు కనపడకపోతే నేనేం చెయ్యను. మీలాంటి వాళ్ళకి నౌకరు ఎప్పుడూ కనపడడు, అందుకే పిల్లలు గైడు రాస్తారు. వాళ్ళు బద్ధకస్తులని కాదు, నిజం రాస్తే రెండు మార్కులని వాళ్ళకి తెలిసిపోయింది కాబట్టి.

లక్ష్మీసుజాత:
కొంచెం నెమ్మది అండీ ఇద్దరూ.

తెలుగు_మాస్టారు:
“మీలాంటి వాళ్ళు” అన్నారు. సరే. మా నాన్న పాలేరు అమ్మా. నాకు నౌకరు కనపడకపోవడం ఏమిటి.

మీరు అడగకపోయినా చెప్తాను. పన్నెండేళ్ళ క్రితం నేనూ డాలస్ గారిలాగే ఉండేవాణ్ణి. పాఠం వెనక ‘అవగాహన-ప్రతిస్పందన’ అని శీర్షిక ఉంటుంది కదా, దాన్ని నమ్మినవాణ్ణి. ఓ కథ చెప్పి, మీ ఇంట్లో ఇలాంటిది గుర్తుంటే రాయండి అన్నాను. ఎనిమిదో తరగతి పిల్ల, వాళ్ళ నాన్న తాగొచ్చిన రాత్రి రాసింది. వాళ్ళమ్మ తనని వంటింట్లో పెట్టి తలుపేస్తే లోపల గొళ్ళెం ఎలా ఎగిరెగిరి పడేదో రాసింది. అంత బాగా రాయడం నాకే రాదు. ఆ సంబరంలో క్లాసులో చదివి వినిపించాను. పేరు చెప్పలేదు. పల్లెటూళ్ళో పేరు చెప్పాలా? మూడో రోజు వాళ్ళ నాన్న స్కూలు వరండాలోకి వచ్చాడు. ఆ పిల్ల వారం రాలేదు, వచ్చాక నావైపు చూడలేదు, వేసవి సెలవుల తర్వాత అసలు రాలేదు. ఎక్కడో హాస్టల్లో వేశారన్నారు.

అప్పటినుంచి ఇతివృత్తమే అడుగుతున్నాను. స్త్రీ విద్య, సంఘ సంస్కరణ. వాటి వల్ల ఏ పిల్లా దెబ్బలు తినదు.

పేజీ_తిప్పు:
…

డాలస్_నాన్న:
మాస్టారూ, ముందు మాట్లాడిన తీరుకి మన్నించండి. ఇక్కడ పిల్లలు అలాంటిది రాస్తే టీచరు చట్టప్రకారం రిపోర్టు చేసి తీరాలి. అది మంచిదే, కానీ పిల్లలకి ఆ సంగతి తెలుసు కాబట్టి కొందరు రాయరు. పైగా కాలేజీ అప్లికేషన్‌కి 650 మాటల వ్యాసం ఉంటుంది, అందులో ఏ కష్టం రాస్తే బాగుంటుందని పిల్లలు కూర్చుని లెక్క వేసుకోవడం నేను చూశాను. మా అబ్బాయికి పెద్ద కష్టాలేం లేవని దిగులు పడ్డాడు. దీని గురించి నేను ఇంతకుముందు ఆలోచించలేదు.

రిటైర్డ్_లెక్చరర్:
అంటే ఇంతసేపూ మనం దిద్దుబాటు గురించి మాట్లాడుకోలేదు. పిల్లల ఇంటి సంగతులు బడికి ఇవ్వొచ్చా, ఇస్తే బడి ఏం చేస్తుంది, ఇదీ గొడవ. నా మటుకు మార్కులు కథలో ఉన్నదాన్ని పట్టుకున్నందుకే వేయాలి. ఆ ‘దయగలవాడు’ ప్రశ్నకి నేనైతే పూర్తి మార్కులు వేస్తాను. కారు, టీ సంగతికి మార్కూ వేయకూడదు, కోతా పెట్టకూడదు.

లక్ష్మీసుజాత:
సార్ అన్నది నాకు బాగుంది.

వంశధార:
మాస్టారూ, కోపంలో అన్నాను. తప్పే. మీ నాన్నగారి సంగతి తెలిసుంటే ఆ మాట వచ్చేది కాదు.

కానీ ఒక్కటి వినండి. మీ పిల్లని మీరు అడిగారు. మా పిల్లని ఎవరూ ఇంటి సంగతి అడగలేదు, కథ చదువుతుంటే అదే వచ్చింది, ఇచ్చేసింది. ఇంట్లో కూడా చెప్పనిది. ఇంటి సంగతులు బయటికి రాకుండా మూసెయ్యాలని మార్కులు వేసిన ఆ మాస్టారు కూడా మీలాగే మంచికే అనుకున్నారేమో, నాకు తెలీదు. దానికి అర్థమైంది మాత్రం వేరు. నిన్న నాతో “అత్తా, ఈసారి స్త్రీ విద్య అని రాసేస్తాలే, నువ్వు టెన్షన్ పడకు” అంది. నాకు ధైర్యం చెప్తోంది అది.

తెలుగు_మాస్టారు:
కాగితం చివర్లో ఏం రాసింది?

వంశధార:
ఉన్నదున్నట్టు టైపు చేస్తున్నాను. “కమలిని నవ్వింది, కథ అయిపోయింది. రాముడి వీపు నొప్పి తగ్గిందో లేదో రాయలేదు.”

తెలుగు_మాస్టారు:
ఇది మీరు మొదటి పోస్టులోనే పెట్టాల్సింది అమ్మా. ఇది పూర్తిగా కథలోంచి వచ్చిన మాటే. నేనైతే నాలుగు వేస్తాను. ఉత్తరం వదిలేసినందుకు ఒకటి తగ్గిస్తాను, అందులో మార్పు లేదు. ‘కొట్టినారు’ కింద గీత పెట్టను. వాళ్ళ నాన్న ఉన్న మూడు వాక్యాల పక్కన మాత్రం ఏమీ రాయను. ఎవరికీ చూపించను, ఎవరితోనూ అనను.

వంశధార:
అన్నీ ఒప్పుకుంటాను, ఆ చివరిది తప్ప. ఏమీ రాయకపోతే ఎలా మాస్టారూ? ‘చదివాను’ అని ఒక్క మాట, మీ సంతకం పక్కన చిన్నగా, ఎవరికీ కనపడకుండా. కాగితం తిరిగి చేతికొచ్చినప్పుడు అది మార్కులు చూడలేదంట. ఆ మూడు వాక్యాల పక్కన ఏమైనా రాశారా అని చూసిందంట ముందు.