లండన్, పారిస్ విద్యార్థి యాత్ర: వెళ్లివచ్చినవారు సలహా ఇవ్వగలరా?

నమస్కారం. గుంటూరులోని మా కళాశాల చరిత్ర విద్యార్థులను వేసవిలో లండన్, పారిస్ తీసుకువెళ్తున్నాం. బ్రిటన్‌కు, ఫ్రాన్స్‌కు వేర్వేరు వీసాలు కావాలి. పాస్‌పోర్టు ఒక్కటే కాబట్టి ముందు దేనికి దరఖాస్తు చేయడం మేలు?

లండన్‌లో మాకు అన్నిటికన్నా ముఖ్యం బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాలు. మా పొరుగునే, కృష్ణ ఒడ్డున చెక్కిన ఆ సున్నపురాతి పలకలను, వాటి మీది పద్మాలను పిల్లలు దగ్గరగా నిలబడి చూడాలని నా గట్టి కోరిక. అవి ఉన్న 33ఎ గదిలోకి బృందంగా వెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలా? ఈ మధ్య చూసినవారు దయచేసి చెప్పండి.

తర్వాత లండన్‌లోని సెయింట్ పాంక్రస్ స్టేషన్‌లో పారిస్ వెళ్లే యూరోస్టార్ రైలు ఎక్కుతాం. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు కనుక బుధవారం పెట్టుకున్నాం. పారిస్‌లో గార్ దు నార్ స్టేషన్ పరిసరాల్లో పిల్లలకు శాకాహార భోజనం ఎక్కడ బాగుంటుంది?