గ్లౌబెర్ హోషా 1974లో రాసిన లేఖ ద్రోహమా?

గోదారిగట్టు:
బ్రెజిల్ దర్శకుడు, రచయిత గ్లౌబెర్ హోషా (మనవాళ్ళు రోచా అని రాస్తారు గానీ పోర్చుగీసు పలుకుబడికి హోషాయే దగ్గర) ప్రవాసంలో ఉండగా 1974 మార్చిలో 'విజావ్' పత్రికలో ఆయన లేఖ ఒకటి అచ్చయింది. కొత్త సైనికాధ్యక్షుడు గైజెల్ దేశానికి మేలు చేయగలడని, జనరల్ గోల్బెరీ గొప్ప మేధావి అని ఆయన అందులో రాశారు. 1964 సైనిక తిరుగుబాటు తరువాత ఎస్.ఎన్.ఐ. అనే గూఢచార సంస్థను స్థాపించినది ఆ గోల్బెరీయే. ఆకలిగొన్నవాడి హింసను సమర్థిస్తూ 1965లో వ్యాసం రాసి, అదే ఏడాది రియోలో ఒక హోటల్ ఎదుట నిరసన తెలిపి అరెస్టయిన మనిషి ఈ మాట అనడం నా దృష్టిలో ద్రోహమే.

పాతరీలు:
తేదీని మరచిపోతున్నారండీ. గైజెల్ పదవి చేపట్టింది ఆ నెలలోనే. అంతకుముందు మెడిసి పాలనలోని అణచివేతతో పోలిస్తే, నెమ్మదిగా పట్టు సడలిస్తామన్న మాటే పెద్ద ఊరట. సైనిక పాలకులకు అపరిమిత అధికారాలిచ్చిన ఐదవ సంస్థాగత శాసనం 1978 చివరితో ముగిసింది, 1979లో క్షమాభిక్ష చట్టం వచ్చింది. హోషా అంచనా తప్పలేదు.

గోదారిగట్టు:
ఆ లేఖకూ మీరు చెప్పిన సడలింపుకూ నడుమ 1975 అక్టోబరు ఉంది. పాత్రికేయుడు వ్లాదిమీర్ హెర్జోగ్‌ను సావో పాలోలో సైనిక నిర్బంధంలో చంపి, ఆత్మహత్యగా చూపించినది ఈ గైజెల్ హయాములోనే. ఆ ఊరట ఆయనదాకా చేరలేదు.

రెండోఆట:
హెర్జోగ్ విషయంలో గోదారిగట్టు గారితో ఏకీభవిస్తాను. ఆ లేఖ తప్పే. అయితే ద్రోహమనాలంటే ముందు ఒక పక్షానికి కట్టుబడి ఉండాలి కదా, హోషా ఏనాడూ అలా లేరు. 1967 నాటి 'తెర్రా ఎం ట్రాన్సి', అంటే పూనకం పట్టిన నేల, చూడండి. ఎల్దొరాదో అనే కల్పిత దేశంలో పౌలో మార్తిన్స్ అనే కవి ఒక మితవాద నాయకుడి పంచన చేరి, అతన్ని విడిచి ప్రజానాయకుడి వెంట నడిచి, ఇద్దరి చేతా భంగపడతాడు. నడుమ ఒక సభలో కార్మిక నాయకుడు మాట్లాడబోతే ఈ కవే అతని నోరు మూసి, ప్రజలంటే ఇదేనని కెమెరావైపు తిరిగి ఎద్దేవా చేస్తాడు. సెన్సారు మొదట ఆ చిత్రాన్ని నిషేధించింది, వామపక్ష మేధావులూ దానిపై మండిపడ్డారు. బలవంతుడైన నాయకుడొస్తే దేశం మారుతుందని ఆశపడే మేధావి బలహీనతను ఏడేళ్ళు ముందే అంత నిర్దయగా చూపించినవాడు, చివరికి తానే ఆ కవిలా ప్రవర్తించాడు. ద్రోహం కన్నా ఇదే నాకు ఎక్కువ బాధాకరం.

గోదారిగట్టు:
పాత్రను చూపి మనిషిని విడిపించలేము. 1976లో తిరిగివచ్చాక తీసిన చివరి చిత్రానికి డబ్బిచ్చినది సైనిక ప్రభుత్వం 1969లో నెలకొల్పిన ఎంబ్రాఫిల్మీ అనే ప్రభుత్వ సినిమా సంస్థే కదా?

రెండోఆట:
ఆనాడు బ్రెజిల్ దర్శకుల్లో చాలామంది ఆ గడప తొక్కినవారే. ఆ సొమ్ముతో తీసిన 'భూమి వయసు' అనే అర్థం వచ్చే ఆ చిత్రంలో, కాస్తెలో బ్రాంకో అనే పాత్రికేయుణ్ణి (అదే పేరున్న సైనికాధ్యక్షుడు వేరు) కూర్చోబెట్టి 1964 తిరుగుబాటు గురించి తీరిగ్గా చెప్పించారు. 1980లో వెనిస్‌లో దానికి బహుమతి రాలేదు. మరుసటి ఏడాది ఆగస్టు 22న, 42 ఏళ్ళకే ఆయన పోయారు. లేఖకు ఆయనను నిలదీయండి, నేనూ నిలదీస్తాను. డబ్బుకు అమ్ముడుపోయాడంటే మాత్రం ఆ చిత్రమే ఒప్పుకోదు.