లండన్ నుంచి పారిస్‌కి విమానమా, రైలా?

ఈస్ట్‌హామ్ శీను: వచ్చే నెల పిల్లలతో పారిస్ వెళ్తున్నాం. తిన్నగా కొలిస్తే దూరం 345 కిలోమీటర్లకి అటూ ఇటూ. విమానానికి గంటా ఇరవై నిమిషాలు, యూరోస్టార్ రైలుకి రెండు గంటల ఇరవై. అయినా అందరూ రైలే ఎక్కమంటున్నారేంటి? పైగా తిరుగు విమానం అక్కడ 9కి బయల్దేరి ఇక్కడ 9:20కే దిగుతుందట!

మాజీ సూర్యాపేట: ఆ ఇరవై నిమిషాలు చూసి మురిసిపోకండి శీను గారూ. పారిస్ గడియారం మనకంటే గంట ముందు, అంతే. ఆ గంటా ఇరవైలో కూడా నిజంగా గాల్లో ఉండేది గంటలోపే. మిగతాది రన్‌వే దాకా పాకడం, క్యూలో ఆగడం. మీ ఇంటి నుంచి హీత్రూ ఎయిర్‌పోర్ట్‌కి గంటంబావు, ముందుగా చేరడానికి రెండు గంటలు, విమానం, దిగాక పాస్‌పోర్టూ బ్యాగులూ ఓ ముప్పావు గంట, ఊళ్ళోకి ఆర్‌ఈఆర్ బి అనే లోకల్ రైల్లో అరగంట పైన. మొత్తం ఆరు గంటలు! అదే యూరోస్టార్ బయల్దేరే సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌కి ఈస్ట్‌హామ్ నుంచి ఒకటే ట్యూబ్ (లండన్ మెట్రో). గంట ముందు వెళ్తే చాలు. ఫ్రెంచ్ పోలీసులు అక్కడే మీ షెంగెన్ వీసా (ఫ్రాన్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి చెల్లేది) చూసేస్తారు. పారిస్‌లో గార్ దు నార్ స్టేషన్‌లో దిగి బయటికి నడవడమే. నాలుగు గంటల్లో ఊళ్ళో ఉంటారు. శంషాబాద్ చేరి విమానం ఎక్కేలోపు బస్సువాడు సూర్యాపేట దాటేస్తాడని మా ఊళ్ళో అనేది ఇందుకే.

హౌన్స్‌లో వదిన: అందరూ ఈస్ట్‌హామ్‌లో ఉండరుగా అన్నయ్యా. మాకు హీత్రూ ఇరవై నిమిషాలు, సెయింట్ పాంక్రాస్ దాదాపు గంట. మేం వెళ్ళింది డిస్నీలాండ్‌కి. పారిస్ షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్ట్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో పది నిమిషాలు! గార్ దు నార్ నుంచి అయితే రైళ్ళు మారుతూ ఇంకో గంట. చేతి బ్యాగులతోనే వెళ్ళాం కాబట్టి మాకు విమానమే కలిసొచ్చింది. యూరోస్టార్ టికెట్ ఆలస్యంగా కొంటే ఎంత గుంజుతారో అదీ చెప్పండి.

మాజీ సూర్యాపేట: డిస్నీలాండ్ మాట ఒప్పుకుంటా. ధర మాటా నిజమే. కానీ పిల్లలుంటే సామాను సంగతేంటమ్మా? రైల్లో విమానంలోలా ద్రవాలకి కొలతల గొడవ లేదు, పచ్చడి సీసా నిక్షేపంగా పట్టుకెళ్ళొచ్చు.

ఈస్ట్‌హామ్ శీను: మాదీ డిస్నీలాండే. ముందే చెప్పాల్సింది, సారీ. కానీ మొదటి రెండు రాత్రులు మాత్రం గార్ దు నార్ పక్కన హోటల్.

హౌన్స్‌లో వదిన: అయితే రైలే ఎక్కండి. సముద్రం కింద రైలు వెళ్ళే సొరంగంలో చేపలు కనిపిస్తాయని మాత్రం పిల్లలకి చెప్పకండి. ఇంకోసారి రైల్లో వెళ్ళినప్పుడు మావాడు సొరంగంలో ఉన్న ఇరవై నిమిషాలూ కిటికీకి ముక్కు ఆనించి కూర్చుని, చీకటి తప్ప ఏమీ లేదని ఏడ్చాడు.