కోబ్రా కై: జానీని మంచోణ్ణి చేయడానికి డేనియల్‌ని డమ్మీ చేశారా?

రాత్రిషో:
నిన్న రాత్రితో కోబ్రా కై ఆరో సీజన్ కూడా అయిపోయింది, మొత్తం 65 ఎపిసోడ్లు, కళ్లు వాచిపోయాయి. చూడనోళ్ల కోసం: 1984లో వచ్చిన కరాటే కిడ్ సినిమాకి ఇది కొనసాగింపు, 2018లో యూట్యూబ్ వాళ్లు మొదలెడితే తర్వాత నెట్‌ఫ్లిక్స్ తీసుకుంది, మెయిన్ యాక్టర్లు ఇద్దరూ వాళ్లే. నా గొడవ ఒక్కటే. సినిమాలో డేనియల్ అంటే తండ్రి లేకుండా అమ్మతో న్యూజెర్సీ నుంచి వచ్చిన బక్కోడు, జానీ అంటే వాణ్ణి చావబాదిన డబ్బున్నోడు. సిరీస్‌లో జానీని చూస్తే జాలేస్తుంది, డేనియలేమో కార్ల షోరూముల ఓనరు, కారు కొన్నోళ్లకి బోన్సాయ్ మొక్క చేతిలో పెట్టి తన కరాటే గురువు మియాగి పేరు చెప్పి క్లాసులు పీకుతుంటాడు, పైగా జానీ డోజో (కరాటే స్కూలు) అద్దె పెరిగేలా వెనకనుంచి చక్రం తిప్పుతాడు. మనం విజిల్ వేసినోడు వీడేనా?

మూడోబెంచి:
సినిమా మళ్లీ చూడు గురూ. కరాటే పోటీ ఫైనల్లో జానీ గురువు క్రీజ్, డేనియల్ దెబ్బతిన్న కాలు మీదే కొట్టమన్నప్పుడు జానీ మొహం ఒక్కసారి పాజ్ చేసి చూడు, వాడికి అస్సలు ఇష్టం లేదు. ఓడిపోయాక కప్పు తీసుకెళ్లి డేనియల్‌కి ఇచ్చేది కూడా వాడే. 1986లో వచ్చిన రెండో పార్ట్ మొదట్లోనే పార్కింగ్‌లో ఆ గురువే జానీ కప్పు విరగ్గొట్టి వాడి మెడ బిగిస్తాడు. సిరీస్ వాళ్లు కొత్తగా కల్పించిందేం లేదు, అక్కడున్న రెండు నిమిషాలు పట్టుకుని లాగారు.

గోంగూరబాబు:
లాగారు సరే, తూకంలో మోసం చేశారుగా. హాలోవీన్ పార్టీలో బాత్రూంలో ఉన్న జానీ మీద డేనియల్ పైపుతో నీళ్లు వదిలాడు, తప్పే, ఒప్పుకుంటా. దానికి అస్థిపంజరం డ్రెస్సులేసుకుని ఐదుగురు వెంటపడి కొట్టడం సమానమా? "ఇద్దరిదీ తప్పే" అనే సోది నాకెక్కదు.

సెకండాఫ్:
ఇది కొత్తేం కాదండీ. మ్యాష్ అని 1970 సినిమా, కొరియా యుద్ధంలో ఆర్మీ ఆసుపత్రి కథ, అందులో మార్గరెట్ అనే నర్సు ఆఫీసరు స్నానం చేస్తుంటే టెంటు గుడ్డ లేపేసి అందరూ కూర్చుని నవ్వుతారు, ఆమె ఉన్నదే వెక్కిరించడానికి అన్నట్టుంటుంది. 1972లో సీరియల్ చేశారు, 1983 దాకా నడిచింది (కొరియా యుద్ధమే మూడేళ్లు, సీరియల్ 11 ఏళ్లు!). వారం వారం ఇంటికొచ్చే మనిషిని అన్నేళ్లు ఒకే జోకుతో నెట్టలేరు కదా, పోనుపోను "హాట్ లిప్స్" అనే వెక్కిరింపు పేరు వదిలేసి మార్గరెట్ అని పిలవడం మొదలెట్టారు. రెండు గంటల సినిమాకి విలన్ చాలు, సీరియల్‌కి వాడు షూటింగ్ లేనప్పుడు ఏం తింటాడో కూడా కావాలి.

రాత్రిషో:
ఆ పాయింట్ బావుంది సెకండాఫ్ గారూ. కానీ ఆ లెక్కన అందర్నీ కడిగేశారుగా, మూడో సీజన్లో క్రీజ్‌కి వియత్నాం ఫ్లాష్‌బ్యాక్, నాలుగో సీజన్లో మూడో సినిమా విలన్ సిల్వర్ వచ్చి అప్పట్లో కొకైన్ మత్తులో అలా చేశానంటాడు 😂 మన డైలీ సీరియల్లో కోడలికి విషం పెట్టిన అత్త వెయ్యో ఎపిసోడ్‌కి దేవత అయినట్టు.

మూడోబెంచి:
సిల్వర్ విషయంలో నేనూ నవ్వా. కానీ మొదటి సీజన్ చివర చూడు, జానీ శిష్యుడు మిగెల్, అవతల జానీ సొంత కొడుకు రాబీ, భుజం దెబ్బతిని ఉన్నాడు. మిగెల్ సరిగ్గా ఆ భుజం మీదే కొడతాడు, వద్దురా అంటే నువ్వేగా నేర్పావ్ అన్నట్టు మాట్లాడతాడు. కప్పు జానీ డోజోకే వస్తుంది, వాడి మొహంలో మాత్రం గెలుపు లేదు. 1984లో క్రీజ్ నిలబడ్డ చోట ఇప్పుడు వాడు నిలబడ్డాడు. ఇది మంచోణ్ణి చేయడమా, శిక్ష వేయడమా?

గోంగూరబాబు:
శిక్ష అంటే ఓకే, అది ఒప్పుకుంటా. డేనియల్ అద్దె పెంచిన సంగతి మాత్రం నేను క్షమించను, మియాగి శిష్యుడు చేసే పనా అది.

రాత్రిషో:
హమ్మయ్య, నా పార్టీలో ఒకడైనా మిగిలాడు.