యూరో ట్రక్ సిమ్యులేటర్ 2: మోడ్లు వేశాక ప్రొఫైల్ తెరుచుకోవట్లేదు, వైజాగ్‌లో ఎవరికైనా ఇలా అయిందా?

కంచరపాలెం కుర్రాడు

గురూ, లారీలు నడిపే ఈ గేమ్‌లో నిన్న సాయంత్రం నుంచి నా ప్రొఫైల్ (ఇన్నాళ్లూ ఆడిందంతా దాచి ఉండేది) తెరుచుకోవట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

గేమ్ స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ షాపులో కొన్నదే. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది. మోడ్లు, అంటే గేమ్‌కి బయటివాళ్లు చేసిపెట్టే అదనపు ఫైళ్లు, లేకుండా 340 గంటలు ఆడాను. పోయిన ఆదివారం ఒకేసారి 14 మోడ్లు వేశా: పెద్ద మ్యాప్ ఒకటి, ట్రాఫిక్‌వి రెండు, మన లారీ మోడల్ ఒకటి, ఎయిర్ హారన్లు, వాన, ఇంకా చిన్నాచితకా. మూడు రోజులు బాగానే నడిచింది. నిన్న మధ్యాహ్నం స్టీమ్ తనంతట తానే గేమ్‌ని 1.49 నుంచి 1.50కి అప్‌డేట్ చేసేసింది. సాయంత్రం ప్రొఫైల్ నొక్కితే లోడింగ్ సగం దాకా వెళ్లి, గేమ్ మూసుకుపోయి డెస్క్‌టాప్ వచ్చేస్తోంది. మోడ్లన్నీ తీసేసి చూశా. తెరుచుకుంది గానీ లారీ హెడ్‌క్వార్టర్స్ గ్యారేజీలో నిలబడి ఉంది. ఎక్కించుకున్న లోడు రద్దయింది. మ్యాప్ మోడ్‌లోని ఊళ్లో కొన్న గ్యారేజీ అసలు లేనే లేదు.

నేనొక్కణ్నే ఆడేదయితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేవాణ్ని. మా నాన్న పోర్టు నుంచి బొగ్గు లారీ నడిపేవారు. నడుం నొప్పి వల్ల మానేశారు, రెండేళ్ల కిందట లారీ కూడా అమ్మేశాం. ఇప్పుడు రాత్రి అన్నం తిన్నాక నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. "దిగుడు వస్తోంది, గేరు తగ్గించు" అంటారు. ఆ గ్యారేజీ ఏ ఊళ్లో కొనాలో చెప్పింది ఆయనే. అందుకే ఎలాగైనా వెనక్కి తెచ్చుకోవాలని ఉంది.

షీలానగర్

తమ్ముడూ, ముందు గేమ్ మూసెయ్. ఇంకేమీ తెరవకు. మోడ్లు తీసేసి ఆడేకొద్దీ గేమ్ తనంతట తానే సేవ్ చేసుకుంటుంది, ఆ పాత ఆటోసేవ్‌ల మీద కొత్తవి కూర్చుంటాయి. మోడ్లు ఉన్నప్పటి సేవ్ ఒక్కటి మిగిలి ఉన్నా నీ గ్యారేజీ నీకు దొరికినట్టే.

డాక్యుమెంట్స్‌లో యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 ఫోల్డర్ తెరువు. అందులో ప్రొఫైల్స్ అని ఉంటుంది. దాని లోపల అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన పొడుగాటి పేరుతో ఒక ఫోల్డర్ కనిపిస్తుంది. అది చూసి చాలామంది చెత్త ఫైల్ అనుకుని డిలీట్ చేస్తారు. అది నీ ప్రొఫైల్ పేరే, కంప్యూటర్ కోడ్‌లో రాసి ఉంటుంది. దాని లోపల సేవ్ ఫోల్డర్, అందులో ఆటోసేవ్‌లు, నువ్వు చేతితో చేసినవి విడివిడిగా ఉంటాయి. తేదీ, టైమ్ చూడు. అప్‌డేట్‌కి ముందువి ఉంటే మొత్తం ప్రొఫైల్ ఫోల్డర్‌ని కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. ఆ తర్వాతే మిగతా పని.

సేవ్‌లను ఇంటర్నెట్‌లో దాచే స్టీమ్ క్లౌడ్‌కి టిక్ పెట్టి ఉంటే అసలు ప్రొఫైల్ అక్కడ దొరకదు. గేమ్‌లో ప్రొఫైల్ ఎడిట్‌కి వెళ్లి ఆ టిక్ తీసేస్తే డాక్యుమెంట్స్‌లోకి వస్తుంది. నేను క్లౌడ్ వాడను. కరెంటు పోయి నెట్ సగంలో తెగినప్పుడు ఒకసారి పాత సేవ్ వచ్చి కొత్తదాని మీద పడింది, నాలుగు రోజుల ఆట పోయింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ప్రొఫైల్ ఫోల్డర్‌ని నేనే కాపీ చేసి తేదీ రాసి దాచుకుంటున్నా.

పెందుర్తి నైట్ డ్యూటీ

షీలానగర్ గారు చెప్పింది చేశాక గేమ్ లాగ్ చూడు. అదే డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో గేమ్ లాగ్ అనే టెక్స్ట్ ఫైల్ ఉంటుంది. గేమ్ మూసుకుపోయిన వెంటనే తెరవాలి, మళ్లీ గేమ్ ఆన్ చేస్తే కొత్త లాగ్ మొదలవుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి కిందికి వెళ్లు. ప్రతి లైనులో ముందు టైమ్, తర్వాత ఎర్రర్ లేదా వార్నింగ్ అన్న మాట, ఆ తర్వాత ఫైల్ దారి ఉంటుంది. వార్నింగులు వందల్లో ఉన్నా కంగారుపడకు, మోడ్లు లేని గేమ్‌లోనూ కొన్ని వస్తాయి. చివరి ఇరవై ముప్ఫై లైన్లలో ఎర్రర్ అన్నవి మాత్రం చదువు. అక్కడ ఏ మోడ్‌కి సంబంధించిన ఫైల్ పేరు మళ్లీ మళ్లీ వస్తోందో పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

నా అనుమానం మ్యాప్ మీదే. మ్యాప్ మోడ్‌ని గేమ్ ఏ వెర్షన్‌కి చేశారో ఆ వెర్షన్‌లోనే నడపాలి. హారన్ మోడ్ రెండు మూడు వెర్షన్లు పాతదైనా తట్టుకుంటుంది, మ్యాప్ తట్టుకోదు.

కొత్త మ్యాప్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. స్టీమ్ లైబ్రరీలో గేమ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో బీటాస్. అక్కడి జాబితాలో టెంపరరీ అన్న మాటతో పాత వెర్షన్లు ఉంటాయి. 1.49 ఎంచుకుంటే గేమ్ వెనక్కి వెళ్తుంది. ఈ సౌకర్యం గేమ్ తయారుచేసిన ఎస్‌సీఎస్ కంపెనీ వాళ్లే ఇచ్చారు, దొంగదారేమీ కాదు. పెద్ద మ్యాప్ వాడేవాళ్లు దాన్ని ముందే ఎంచుకుని పెట్టుకుంటే అప్‌డేట్ వచ్చినా గేమ్ కదలదు.

ఒక్క జాగ్రత్త. 1.50లో చేసిన సేవ్‌ని 1.49లో తెరవకు. అప్‌డేట్‌కి ముందు సేవ్‌నే తెరువు.

ఎంవీపీ స్వాతిముత్యం

పెందుర్తి అన్నయ్య చెప్పినదంతా సరైనదే. కానీ లాగ్‌లో అసలు దోషి పేరు రాకుండానే గేమ్ మూసుకుపోయే సందర్భాలు ఉన్నాయి. నాకు రెండుసార్లు అయింది. అప్పుడు సగం సగం పద్ధతి వాడండి.

అసలు ప్రొఫైల్‌ని ముట్టుకోకుండా, "పరీక్ష" అనో మరేదో పేరుతో కొత్త ప్రొఫైల్ పెట్టండి. 14 మోడ్లలో ఏడు ఆన్ చేసి తెరవండి. తెరుచుకుంటే తప్పు మిగతా ఏడులో ఉంది. ఆ ఏడులో మళ్లీ సగం. ఒక్కటే చెడ్డదైతే నాలుగుసార్లలో తేలిపోతుంది. ఒక్కొక్కటీ తీసి చూస్తే పద్నాలుగుసార్లు గేమ్ తెరవాలి, పాత హార్డ్ డిస్క్ అయితే రాత్రంతా పడుతుంది. మ్యాప్ ఫైళ్లు నాలుగైదు ఉంటే వాటిని మాత్రం విడదీయకండి, అన్నీ కలిపి ఒకటిగా లెక్కపెట్టండి.

ఇంకో మాట. ట్రాఫిక్ మోడ్లు రెండు అన్నారు. నాకు అక్కడే గుబులుగా ఉంది. రెండూ ఒకే ఫైల్‌ని మారుస్తుంటే, గేమ్‌లో మోడ్లు ఆన్ చేసే మోడ్ మేనేజర్ జాబితాలో పైన ఉన్నదే చెల్లుతుంది, కిందది సగం సగం మిగిలిపోతుంది. నేను మన ఆటోల ట్రాఫిక్ ఒకటి, యూరప్ లారీల ట్రాఫిక్ ఒకటి కలిపి వేశాను. క్రాష్ ఏమీ కాలేదు, అయితే రోడ్డు మీద బళ్లు చక్రాల్లేకుండా గాల్లో తేలుతూ వచ్చేవి. ఏడ్చినంత పనైంది, వారం రోజులు గ్రాఫిక్స్ డ్రైవర్ తప్పు అనుకుని దాన్నే తీసేసి మళ్లీ వేస్తూ కూర్చున్నా.

వరుస గురించి ఎవరి మాటా నమ్మకండి, నా మాట కూడా. మోడ్ చేసినవాళ్లు ఇచ్చిన వరుసనే పాటించండి. ఉదాహరణకు ప్రోమోడ్స్ అనే పెద్ద మ్యాప్ మోడ్ అయితే డెఫినిషన్ ఫైల్ పైన, దాని కింద మ్యాప్, ఆ కింద మోడల్స్, అసెట్లు. ఆ ఫైళ్లను ఉచితంగా డౌన్‌లోడ్ చేస్తే ముక్కలు ముక్కలుగా వస్తాయి. అన్ని ముక్కలూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, సెవెన్‌జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొదటిదాన్ని మాత్రమే విప్పాలి, మిగతావి అదే లాక్కుంటుంది. ఒక్క ముక్క సగంలో ఆగినా మ్యాప్ మొత్తం దండగ. అందుకని ఫోన్ హాట్‌స్పాట్ మీద పెట్టకండి, నెట్ నిలకడగా ఉన్న చోట పెట్టుకోండి.

అనకాపల్లి

మోడ్లు ఎక్కడి నుంచి తెచ్చావో చెప్పలేదు. ఈ గేమ్‌కి మోడ్ అంటే ఎస్‌సీఎస్ ఫైలో జిప్ ఫైలో ఉంటుంది. ఇన్‌స్టాల్ చేయమని ఈఎక్స్‌ఈ (నొక్కితే నడిచే ప్రోగ్రామ్) ఫైల్ ఇస్తే అది మోడ్ కాదు, నొక్కొద్దు. వేరేవాళ్ల మోడ్‌ని ఎత్తుకొచ్చి తమదిగా పెట్టే సైట్ ఒకటుంది, అక్కడ నొక్కి నా తమ్ముడు మెయిల్ అకౌంట్ పోగొట్టుకున్నాడు. స్టీమ్‌లోనే మోడ్లు దొరికే వర్క్‌షాప్ ఉత్తమం. అక్కడ లేకపోతే ఆ మోడ్ చేసినవాళ్ల సొంత పేజీకే వెళ్లు.

కంచరపాలెం కుర్రాడు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. దొరికింది!

అప్‌డేట్‌కి ముందు రోజు రాత్రి నేను చేతితో చేసిన సేవ్ ఒకటి ఉంది. మొదట దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించా. లాగ్‌లో చివరి ఎర్రర్లన్నీ మ్యాప్‌వే. గేమ్‌ని 1.49కి తీసుకెళ్లా. పరీక్ష ప్రొఫైల్‌లో స్వాతిముత్యం అక్క చెప్పినట్టు చూస్తే ట్రాఫిక్ మోడ్లు రెండూ ఒకదానితో ఒకటి పడట్లేదని కూడా తేలింది. ఒకటి తీసేశా. ఇప్పుడు 13 మోడ్లతో నా ప్రొఫైల్ తెరుచుకుంది. గ్యారేజీ ఉంది, లోడు ఉంది, లారీ ఆపిన చోటే ఉంది. నాన్నని నిద్రలేపి చూపించా.

ఇంకొక్కటి అడగొచ్చా? మా లారీ ముందు అద్దం పైన "శ్రీ సింహాద్రి అప్పన్న" అని పసుపు అక్షరాలు ఉండేవి. గేమ్‌లో లారీ మీద అది రాయాలని ఉంది. నేను ప్రయత్నించా. తెలుగు టైప్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కకు వచ్చేస్తున్నాయి. మోడ్‌గా చేస్తే మేనేజర్‌లో కనిపించనే కనిపించట్లేదు.

ఆటోనగర్ పెయింట్

ఈ ప్రశ్న కోసమే లాగిన్ అయ్యా. మా మావయ్యది గాజువాక ఆటోనగర్‌లో లారీలకు అక్షరాలు రాసే పని. నేను గేమ్‌లో స్కిన్లు, అంటే లారీల మీద వేసే రంగులూ రాతలూ, చేస్తుంటాను.

ముందు ఒత్తుల సంగతి. కొన్ని బొమ్మల సాఫ్ట్‌వేర్లు మామూలు సెట్టింగ్‌లో తెలుగుని విరగ్గొడతాయి. పాత ఫోటోషాప్‌లో అయితే టైప్ సెట్టింగ్స్‌కి వెళ్లి దక్షిణాసియా భాషల ఎంపిక పెట్టాలి. గింప్‌లో ఆ ఇబ్బంది ఉండదు, ఉచితం కూడా. యూనికోడ్ తెలుగు ఫాంట్ వేసి టైప్ చెయ్. అయినా నా మాట విను, కంప్యూటర్ ఫాంట్ వాడకు. లారీ మీద కుంచెతో రాసిన "ద్రి"లో రకార ఒత్తు లావుగా మొదలై, చివర సన్నబడుతూ పక్కకు సాగుతుంది. "అప్పన్న"లో రెండు ఒత్తులూ ఒకే ఎత్తులో కూర్చుంటాయి, చుట్టూ ఎర్ర నీడ ఉంటుంది. ఏ ఫాంట్‌లోనూ ఆ జీవం రాదు. మీ పాత లారీ ఫోటో ఒక్కటైనా ఉంటుంది కదా. ఆ అక్షరాలను అందులోంచి కత్తిరించి, వెనక రంగు తీసేసి వాడు. మీ నాన్నగారు గుర్తుపట్టేది వాటినే.

బొమ్మ కొలతలు 2048కి 2048 గానీ, 4096కి 4096 గానీ పెట్టు. గేమ్ చదివే డీడీఎస్ ఫార్మాట్‌లో, కంప్రెషన్ డీఎక్స్‌టీ5 పెట్టి సేవ్ చెయ్. కొన్ని మోడ్ లారీల్లో ఎడమ తలుపుకీ కుడి తలుపుకీ ఒకే బొమ్మ వాడతారు, అప్పుడు ఒకవైపు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. నీది అద్దం పైన కాబట్టి ఆ బాధ లేదు, కానీ తలుపు మీద ఏమైనా రాసే ముందు గుర్తుపెట్టుకో.

మేనేజర్‌లో కనిపించకపోవడానికి నేను చూసినంతలో రెండే కారణాలు. మొదటిది, ఫోల్డర్ లోపల ఇంకో ఫోల్డర్ పెట్టి జిప్ చేయడం. జిప్ తెరవగానే డెఫ్, వెహికల్ ఫోల్డర్లూ, మోడ్ వివరాలు రాసే మ్యానిఫెస్ట్ ఫైలూ ఎదురుగా కనబడాలి. "నా లారీ" అని ఒక ఫోల్డర్ కనబడి, అవన్నీ దాని లోపల ఉంటే గేమ్‌కి అందవు. ఫోల్డర్‌ని కాదు, దాని లోపలికి వెళ్లి అన్నిటినీ సెలెక్ట్ చేసి జిప్ చెయ్. జిప్ చేసేటప్పుడు కంప్రెషన్ లేకుండా స్టోర్ అన్నది ఎంచుకో. రెండోది, విండోస్ ఫైల్ పేరు చివరి ముక్కని దాచేస్తుంది. నువ్వు ఎస్‌సీఎస్ అని మార్చాననుకుంటావు, నిజానికి దాని వెనక జిప్ అని ఇంకా ఉంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూకి వెళ్లి ఫైల్ ఎక్స్‌టెన్షన్లు చూపించమని టిక్ పెట్టి, చివరి జిప్ చెరిపెయ్. అయిపోయాక డాక్యుమెంట్స్‌లోని మోడ్ ఫోల్డర్‌లో వెయ్.

మ్యానిఫెస్ట్‌లో ఏ వెర్షన్‌కి పనికొస్తుందో రాసే లైను ఉంటుంది, అందులో 1.49.* అని పెట్టు. ఐకాన్ బొమ్మ 276కి 162, జేపీజీ. ఇంకా రాకపోతే ఫైల్ ఇక్కడ పెట్టు, నేను విప్పి చూస్తా.

షీలానగర్

ఆటోనగర్ గారూ, మావయ్యగారి అక్షరాలు కొన్ని ఫోటో తీసి ఇక్కడ పెట్టగలరా? ఆయన అనుమతిస్తేనే. ఇప్పుడు చాలా లారీలకు స్టిక్కర్లే వేస్తున్నారు, కుంచె రాత తగ్గిపోతోంది.

ఆటోనగర్ పెయింట్

అడిగాను, సంతోషంగా ఒప్పుకున్నారు. ఆదివారం పగటి వెలుగులో తీసి పెడతా. ఎవరైనా వాడుకోవచ్చు, డబ్బులకు అమ్మొద్దని మాత్రం చెప్పమన్నారు.

కంచరపాలెం కుర్రాడు

వచ్చేసింది. ఫోల్డర్ లోపల ఫోల్డరే, మీరు చెప్పిన తప్పే నేను చేశా. లారీ పూజ రోజు తీసిన ఫోటో అమ్మ బీరువాలో దొరికింది. అందులోంచే అక్షరాలు తీశా. పసుపు కొంచెం వెలిసినట్టు ఉంది, అలాగే ఉంచేశా.

రాత్రి ఫెలిక్స్‌టో రేవులో లోడు ఎక్కించాం. ఇంగ్లాండులో మనలాగే ఎడమవైపు నడపాలి కాబట్టి అక్కడ నాన్నకు సులువు, స్టీరింగ్ కూడా కుడివైపు ఉన్నదే పెట్టించా. కెమెరాని బయటికి తిప్పి లారీ ముందు భాగం చూపించా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కీబోర్డు తన వైపు లాక్కుని, రేవు గేటు దాకా ఆయనే నడిపారు. గేటు దగ్గర ఆపి, వెనక ట్రైలర్ చూపించమన్నారు.

"వెనక సౌండ్ హారన్ అని లేదేంట్రా?" అన్నారు.

ఆ ఫోటోలో లారీ వెనక భాగం లేదు. ఆటోనగర్ అన్నయ్యా, ఆదివారం ఫోటోల్లో అది కూడా ఒకటి తీయగలరా?